నోరులేని రోగి – కండరాల సాక్ష్యం

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ ఉత్సవాలలో, తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన పాఠశాలలో ప్రధానోపాధ్యాయిని మాట్లాడవలసి వస్తే పాఠశాల చరిత్రను చెప్పడం ఆచారం. ఆ పనిని నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు నిండుగా నిర్వర్తించారు. నేను ఎన్నుకొన్న విషయం వేరు. నడవలేని జంతువును పశువైద్యుడు పరీక్షించేటప్పుడు దాని కండరాలను ఏ విధంగా తడిమి చూస్తాడు, వాటి ద్వారా నాడుల స్థితిని ఏ విధంగా గ్రహిస్తాడు అన్నదే నా ప్రసంగ విషయం. ఇది తెలిసి కార్యవర్గ సభ్యులొకరు, "అమ్మా, జూబిలీ సభలో పశువుల డాక్టరు సంగతి దేనికి?" అని మర్యాదగానే అడిగారు. నేను జంతుశాస్త్రం చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముప్పది ఏండ్లకు దగ్గరగా పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదానను. ఈ సభలో పాలు అమ్మి పిల్లలకు పుస్తకాలు కొన్న తల్లులు తక్కువమంది కారు. నా విషయం వారికి పరాయిది కాదని నా నమ్మకం. అంతకుమించిన కారణం ఒకటి ఉన్నది. దానిని చివరకు మనవి చేస్తాను.

మొదట నా బాల్యంలోని ఒక ముచ్చట. అది 1970ల చివరి కాలం. హోసూరు అప్పుడు ధర్మపురి జిల్లాలో ఉండేది. కృష్ణగిరి జిల్లా ఏర్పడినది 2004లో. మా నాయనకు ఒక హళ్ళికార్ ఎద్దుల జత ఉండేది. మన ప్రాంతపు ఎద్దులు భాషాభేదం ఎరుగనివి. ఇంట తెలుగు, సంతలో కన్నడం, డిపో దగ్గర తమిళం, అన్నీ వాటికి అర్థమయ్యేవి. ఒకనాడు లారీ హారనుకు బెదరి దాపటి ఎద్దు పక్కకు దూకి, దారి ప్రక్కనున్న రాతి కూసానికి తన ముందు జబ్బను బలంగా కొట్టుకొన్నది. రక్తం రాలేదు, ఎముక విరగలేదు. నాయన పసుపు, నూనె రాశారు. రెండు దినాలు పోయాక మళ్ళీ కాడి కట్టారు.

ఆ ఎద్దు నడచింది గాని అడుగు పొట్టిదయింది. జత ఎద్దుతో సమంగా రాలేక వెనుకపడేది. బరువు మోపినప్పుడల్లా జబ్బ బయటికి నెట్టుకొని వచ్చేది. వాన పడి పదును ఆరిపోతున్న రోజులు. పొలం ఆగదు కదా! నాయన ముల్లుకర్ర వాడారు. "తిండికి ముందు, పనికి వెనుక" అన్నారు. ఇరుగుపొరుగువారు జబ్బ మీద వాతలు పెట్టమన్నారు. ఇనుప కడ్డీ పొయ్యిలో పెట్టిన దినమే, మా అమ్మ పోరు పడలేక నాయన తాలూకా పశువైద్యశాల డాక్టరుగారిని పిలుచుకొని వచ్చారు. అప్పటికి దెబ్బ తగిలి ఇరువది దినాలు.

ఆ డాక్టరుగారు చేసిన పని నేను నేటికీ మరువలేదు. ఆయన వచ్చిన వెంటనే ఎద్దును ముట్టుకోలేదు. చదునైన చోట నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబెట్టించి, ముందు నుండి, వెనుక నుండి, రెండు ప్రక్కల నుండి చూశారు. నడిపించి చూశారు. తరువాత ఎద్దుకు ఎదురుగా నిలబడి, రెండు అరచేతులనూ ఒకేసారి రెండు జబ్బల మీద ఉంచారు. కన్నులు మూసుకొన్నారేమో అనిపించింది. నన్ను పిలిచి, "పాపా, ఇటు చేయి పెట్టు, ఇప్పుడు అటు పెట్టు" అన్నారు. వలపటి వైపు నిండుగా, మెత్తగా, ఉలవల మూటవలె ఉన్నది. దాపటి వైపు నా చేతికి ఎముక తగిలింది. ఇంటి కప్పు వెన్నుగాడివలె రెక్క ఎముక మధ్యగట్టు నిక్కి, దానికి అటూ ఇటూ గుంటలు పడి ఉన్నాయి. దినమూ ఆ ఎద్దుకు మేత వేసేవారము మేమే. ఆ గుంటలను మాలో ఎవ్వరమూ చూడలేదు.

"ఏమప్పా, ఇది సోమరితనం కాదు. ఈ కండకు వచ్చే నరం దెబ్బ తిన్నది. అది రమ్మన్నా కాలు రాదు" అన్నారాయన. వాతలు పెట్టవద్దన్నారు. కాడి కట్టక మూడు నెలలు విశ్రాంతి ఇచ్చి, దినమూ ఆ కండలను నెమ్మదిగా మర్దన చేయమన్నారు. తెగక మిగిలిన నరం తిరిగి పెరగవచ్చును గాని రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది, కనుక తొందరపడి లాభం లేదన్నారు. నాయన మా మామ దగ్గర ఒక ఎద్దును అడిగి తెచ్చి ఆ కారు సేద్యం ముగించారు. సంక్రాంతి నాటికి మా ఎద్దు కుంటు లేకుండా నడచింది గాని జబ్బ గుంట మాత్రం పూర్తిగా పూడలేదు. దానికి మరల నాగలి కట్టలేదు, అమ్మనూ లేదు. "సోమరి అనుకొంటినే" అని నాయన ఒక్కసారి మాత్రం అన్నారు. ముల్లుకర్ర చాలా కాలం కొట్టం చూరులో అట్లాగే ఉండిపోయింది.

ఇక శాస్త్రంలోకి వస్తాను. కండరం తనంత తాను పనిచేయదు. మెదడు నుండి బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపాములోనికి దిగి, అక్కడ మరొక నాడీకణానికి అంది, ఆ కణపు పొడవైన తంతువు ద్వారా కండరాన్ని చేరుతుంది. అనగా ఈ మార్గంలో రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది మెదడు నుండి వెన్నుపాము వరకు. దీనిని పై అంచె అందాము. రెండవది వెన్నుపాము నుండి కండరం వరకు; ఇది క్రింది అంచె. తపాలా కార్యాలయం నుండి ఊరికి వచ్చిన సంచి, ఊరి నుండి ఇంటికి వచ్చే ఉత్తరం అనుకొంటే పిల్లలకు సులభంగా తెలుస్తుంది. ఉత్తరం అందలేదని తెలిసినంత మాత్రాన సరిపోదు. అది ఏ అంచెలో ఆగిపోయినదో కనుగొనాలి. పశువైద్యుడు కండరాలను తడిమేది ఇందుకొరకే.

క్రింది అంచె తెగితే కండరం వదులై వ్రేలాడుతుంది. కాలిని పట్టి వంచితే, చాచితే అడ్డు చెప్పదు. అంతేకాదు, నాడితో సంబంధం తెగిన కండరం త్వరత్వరగా క్షీణిస్తుంది. వారం పది దినాలలోనే చేతికి తేడా తెలుస్తుంది. మా ఎద్దుకు జరిగినది ఇదే. పై అంచె దెబ్బ తిన్నప్పుడు ఇందుకు భిన్నంగా ఉంటుంది. కాలు ఆజ్ఞకు లోబడదు గాని వదులుగా ఉండదు. ఒక్కొక్కప్పుడు కర్రవలె బిగుసుకొంటుంది. కండ కరగడం ఆలస్యంగా, కొద్దిగా మాత్రమే, అదీ వాడుక లేకపోవడం వలన జరుగుతుంది. చూపుకు రెండూ "కాళ్ళు పడిపోవడమే". చేతికి మాత్రం రెండూ వేర్వేరు రోగాలు.

ఏ కండ కరిగినదన్నది కూడ ఒక ఆనవాలు. రెక్క ఎముక మీది కండలు కరిగితే ఒక నాడి. మోచేతి వెనుక కండ పడిపోయి ముంగాలి గిట్ట మడతపడి నేలను రాస్తూ వస్తే మరొక నాడి. తొడ ముందు కండ కరిగి మోకాలు బరువుకు కూలిపోతే ఇంకొకటి. రెండు ప్రక్కల అన్ని కండలూ సమంగా తగ్గితే అది ముసలితనం కావచ్చు, మేత చాలకపోవడం కావచ్చు, దీర్ఘరోగం కావచ్చు. అందువలననే ఒక ప్రక్కను మాత్రం చూసి ఏమీ చెప్పరాదు. రెండు చేతులూ రెండు ప్రక్కల, ఒకే చోట, ఒకే వేళ ఉండాలి. దట్టమైన బొచ్చు ఉన్న కుక్కలలో కన్ను పూర్తిగా మోసపోతుంది. అనుమానం తీరకపోతే కొలతపట్టీతో రెండు తొడలనూ ఒకే ఎత్తున కొలుస్తారు.

గత విద్యా సంవత్సరం విజ్ఞాన ప్రదర్శనకు ఏర్పాట్లు జరుగుతున్న రోజున ఇవన్నీ మా తొమ్మిదవ తరగతి పిల్లలు కన్నులారా చూశారు. మన పాఠశాల రాత్రి కాపలాదారుకు తోడుగా ఉండే నల్ల కుక్క కరియను మీరందరూ ఎరుగుదురు. బెంగుళూరు రోడ్డు మీద మోటారు సైకిలు తగిలి దాని వెనుక కాళ్ళు రెండూ పనిచేయకుండా పోయాయి. మన పూర్వ విద్యార్థి, 1903లో ప్రారంభమైన మద్రాసు పశువైద్య కళాశాలలో చదివిన డాక్టరు, దైవికంగా ఆనాడు ప్రదర్శనలోని కోడిగ్రుడ్డు నమూనాను దిద్దడానికి వచ్చి ఉన్నారు. వారు ఇప్పుడు ఈ సభలో రెండవ వరుసలో ఉన్నారు. పేరు చెప్పవద్దని కోరారు గనుక చెప్పను.

పిల్లలు కుక్క చుట్టూ మూగారు. డాక్టరు మొదట చేసిన పని వారిని పది అడుగుల దూరం పంపడం. కాపలాదారును అడిగిన మొదటి ప్రశ్న కాళ్ళను గురించి కాదు. "టీకా వేయించినారా? ఈ మధ్య ఏ కుక్కయినా దీన్ని కరిచిందా? నీళ్ళు తాగుతున్నదా? అరుపు మారిందా?" అని. మోటారు సైకిలు తగలడాన్ని కండ్లారా చూసినవారు ఉన్నారని రూఢి చేసుకొన్నాకనే దగ్గరికి వెళ్ళారు. తల్లిదండ్రులు ఈ మాటను దయచేసి గట్టిగా జ్ఞాపకముంచుకోవాలి. రేబిస్ అంటే కుక్క కరవడానికి మీద పడడమేనని మన తలంపు. పక్షవాతపు రూపంలో వచ్చే రేబిస్ ఉన్నది. అందులో కుక్క సాధారణంగా మీదపడి కరవదు. క్రింది దవడ కండరాలు సడలి నోరు తెరచుకొని, చొల్లు కారుతూ, దీనంగా పడి ఉంటుంది. గొంతులో ఎముక చిక్కినదనుకొని జాలితో నోట్లో చేయి పెట్టేవారు ఉన్నారు. ఆవులలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మేత గొంతుకడ్డం పడినదని చేయి లోపలికి పెడతారు. అటువంటి జంతువు నోటిని ముట్టరాదు. కరచినా, గీరినా, పుండు మీద చొల్లు పడినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ పూటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ రోగ లక్షణాలు కనిపించిన తరువాత చేయగల వైద్యం దాదాపు లేదు. కారం, సున్నం పూయవద్దు; ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినా పూయవద్దు.

ఇక కరియ సంగతి. డాక్టరు దాని మూతికి గుడ్డ పట్టీ కట్టించి, కాపలాదారును తల దగ్గర కూర్చోబెట్టి, కణతల దగ్గర, దవడల మీద మొదలుపెట్టి మెడ, జబ్బలు, ముంగాళ్ళు, వెన్నుకు రెండు ప్రక్కలనున్న పొడుగాటి కండలు, పిరుదులు, తొడలు, పిక్కలు, చివరకు తోక వరకు తడిమారు. నొప్పి ఉండవచ్చునన్న చోటును చివరకు ఉంచారు. "మొదటే నొప్పి కలిగిస్తే కండలన్నీ బిగపట్టుకొంటుంది మేడమ్, ఆ తరువాత అది చెప్పేదంతా అబద్ధమే" అన్నారు. వాచి, ముట్టితే మూలిగే కండ ఒక రకం. బిగుసుకొని రాయివలె ఉన్న కండ మరొక రకం. ధనుర్వాతంలో దేహమంతా బిగుసుకొని, చెవులు నిక్కి, కాళ్ళు నాలుగు గుంజలవలె నిలుస్తాయి. కొన్ని రోగాలలో పడుకొన్నప్పుడు కండ బాగానే తోస్తుంది గాని నాలుగడుగులు వేయగానే సత్తువ ఉడిగి కూలబడుతుంది. విశ్రాంతి ఇస్తే మరల లేస్తుంది. ఇటువంటిది తడిమితే దొరకదు, నడిపించితేనే దొరుకుతుంది.

ప్రక్కకు పడుకోబెట్టి వెనుక కాళ్ళను వంచి చాచి చూశారు. వదులుగా లేవు, బిగువుగా ఉన్నాయి. రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప క్రింది స్నాయువు మీద తట్టగానే కాలు చివ్వున ఎగిరింది. మనుష్యులలో ఈ పరీక్షను 1875లో జర్మనీకి చెందిన ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అను ఇద్దరు వైద్యులు ఎవరికి వారుగా లోకానికి తెలిపారు. పశువైద్యం దానిని తరువాత స్వీకరించింది. కాలు అంత చురుకుగా ఎగిరినదంటే క్రింది అంచె చెడలేదు. ముంగాళ్ళు బాగున్నాయి. కాబట్టి దెబ్బ జబ్బలకు వెనుక, నడుము చివరకు ముందు, వెన్నులో ఎక్కడో ఉన్నది.

ఆ "ఎక్కడో" అన్నదానిని ఇంకా దగ్గర చేసిన పరీక్ష నాకు అన్నిటికంటె నచ్చింది. ఈగ వాలినప్పుడు ఆవు కదలకుండానే ఒంటి మీద ఆ చోట మాత్రం చర్మాన్ని జలదరింపజేయడం మనం నిత్యం చూస్తూనే ఉన్నాము. చర్మం క్రింద పరచుకొని ఉన్న పలుచని కండరం చేసే పని అది. మనకు దేహం మీద అటువంటిది దాదాపు లేదు. ఈగలను తోలుకోవడానికి మనకు చేతులున్నాయి. డాక్టరు నడుము నుండి పైకి, వెన్నుకు అటూ ఇటూ, చిన్న పటకారుతో చర్మాన్ని సున్నితంగా గిల్లుతూ వచ్చారు. చాలా దూరం వరకు చలనం లేదు. ఒక చోట దాటగానే రెండు ప్రక్కల చర్మం జలదరించింది. స్పర్శ వెన్నుపాము ద్వారా పైకి వెళ్ళి, జబ్బల దగ్గర నుండి వేరొక నాడి ద్వారా ఆ కండరాన్ని కదిలించాలి. దెబ్బ తిన్న చోటికి వెనుక గిల్లితే ఆ వార్త పైకి పోదు. జలదరింపు ఆగిపోయిన గీతకు ఒకటి రెండు వెన్నుపూసలు ముందు దెబ్బ ఉన్నదన్నమాట. ఏ యంత్రమూ లేకుండా, ఒక పటకారుతో, ఒక సుత్తితో, పది వ్రేళ్ళతో ఆయన అక్కడికి చేరుకొన్నారు. తరువాత తీసిన ఎక్స్‌రేలో ఎముక చిట్లినది ఆ ప్రాంతంలోనే కనిపించింది.

అన్నిటికంటె చివరిది నొప్పి పరీక్ష. వెనుక కాలి వ్రేలిని పటకారుతో గట్టిగా నొక్కగానే కాలు వెనుకకు లాగుకొన్నది. మా పిల్లవాడొకడు ఆనందం పట్టలేక, "సార్, దానికి తెలుస్తున్నది! కాలు లాక్కున్నది!" అని కేక వేశాడు. డాక్టరు తల ఎత్తకుండానే, "కాలును చూడొద్దు బాబూ, మొహాన్ని చూడు" అన్నారు. ఎందుకనగా కాలు లాగుకొనడం అసంకల్పిత ప్రతీకార చర్య. మన పాఠ్యపుస్తకంలో ఉన్నదే. వార్త వెన్నుపాము వరకు పోయి అక్కడి నుండే తిరిగి వస్తుంది. మెదడుతో సంబంధం పూర్తిగా తెగిన జంతువు కూడ కాలు లాగుకొంటుంది. అది తల తిప్పి చూస్తేనో, మూలిగితేనో, కరవబోతేనో నొప్పి మెదడును చేరినట్టు. ఈ పాఠం నేను ఎన్నో ఏండ్లు చెప్పాను. పరీక్షలలో పిల్లలు బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులూ తెచ్చుకొన్నారు. ఆ కేక వేసినవాడికి కూడ అందులో పూర్తి మార్కులే! ఎక్కం అడగ్గానే గడగడా అప్పజెప్పే పిల్లలు నాకు ఆ క్షణంలో జ్ఞాపకం వచ్చారు, ఎందుకో మీకు చెప్పనక్కరలేదు.

రెండవసారి నొక్కినప్పుడు అందరమూ కరియ ముఖాన్నే చూశాము. ఒక నిమిషం ఏమీ లేదన్నట్టే ఉండి, తల తిప్పి, కట్టిన మూతితోనే డాక్టరు చేతి మీదికి రాబోయింది. "ఆశ ఉన్నది" అన్నారాయన. కాపలాదారు కండ్లు తుడుచుకొన్నాడు. ఆరు వారాలు చిన్న చోట కట్టడి చేసి, అటూ ఇటూ పొర్లించి, పుండ్లు పడకుండా చూసుకొన్నాడు. ఇప్పుడు కరియ నడుస్తున్నది. నడుము ఎడమకు కొంచెం తూలుతుంది, అంతే.

ఆవులున్న తల్లులకు ఒక మాట. ఈనిన ఒకటి రెండు దినాలకే, ముఖ్యంగా పాలెక్కువ ఇచ్చే సంకరజాతి ఆవు, లేవలేక మెడను డొక్క వైపు మడచుకొని, చెవులు చల్లబడి పడి ఉంటే అది పాలజ్వరం కావచ్చు. పేరు జ్వరం గాని ఒళ్ళు కాలదు. రక్తంలో కాల్షియం తగ్గి కండరాలు పట్టు తప్పుతాయి. డాక్టరు గుండె చప్పుడు వింటూ, రక్తనాళంలోనికి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే చాలా ఆవులు కొన్ని గంటలలోనే లేస్తాయి. ఆలస్యం చేస్తే జరిగేది వేరు. బండనేల మీద ఒకే ప్రక్క గంటల తరబడి పడి ఉన్న ఆవుకు దాని బరువే శత్రువు. క్రింద పడిన తొడ కండలు, నాడులు నలిగిపోతాయి. ఆ తరువాత కాల్షియం ఎంత ఎక్కించినా కాళ్ళు లేవవు. కనుక డాక్టరు వచ్చేలోగా ఇసుక గాని, మందంగా గడ్డి గాని పరచి, కొద్ది గంటలకొకసారి ప్రక్క మార్చండి. తోక పట్టి లేపడం, కర్రతో పొడవడం వద్దు. కష్టంగా ఈనిన ఆవు వెనుక కాళ్ళు రెండు వైపులకు జారిపోతుంటే, ఆ కాళ్ళను మరీ దూరం పోకుండా మెత్తని తాడుతో వదులుగా కలిపి కట్టమని డాక్టర్లు చెబుతారు. అది మొండితనం కాదు, లోపల నాడి నలిగినది.

ఇప్పుడు చివరకు చెబుతానన్న సంగతి.

ఆ దినం పరీక్ష ముగిసిన తరువాత ఒక అమ్మాయి, "సార్, కండలు పెద్దవిగా ఉంటే బలమున్నట్టే గదా?" అని అడిగింది. డాక్టరు కాదన్నారు. గోల్డెన్ రిట్రీవర్ అను కుక్కజాతిలో కొన్ని మగ పిల్లలకు పుట్టుకతోనే వచ్చే ఒక కండర రోగం ఉన్నదట. కండరంలో ఉండవలసిన డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తు వాటికి లోపిస్తుంది. చాలా కండలు క్షీణిస్తే, నాలుక మొదలైన కొన్ని మాత్రం మందమవుతాయి. అవి లావు గాని బలం కాదు. మనుష్యులలో మగపిల్లలకు వచ్చే డుషేన్ కండర క్షీణత కూడ ఇదే లోపం వలన వచ్చేదని, 1987లో ఆ మాంసకృత్తును గుర్తించిన తరువాత తేలినదని ఆయన వివరించారు. అటువంటి పిల్లవానికి పిక్కలు లావుగా కనిపిస్తాయి; వాటిలో కండరం తగ్గి కొవ్వు, నార పేరుకొని ఉంటాయి. నేల మీద నుండి లేచేటప్పుడు వాడు చేతులను ముందు నేలకు, తరువాత మోకాళ్ళకు, తరువాత తొడలకు ఆనించి తన ఒంటిని తానే ఎక్కినట్టుగా లేస్తాడు అని చెప్పి, కూర్చుని లేచి చూపించారు.

ఆయన లేచిన తీరును చూసి నాకు నోట మాట రాలేదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏండ్లలో నా తరగతిలో ఒక బాలుడు అచ్చం అట్లాగే లేచేవాడు. ప్రార్థనకు అందరికంటె ఆలస్యంగా నిలబడేవాడు. మెట్లెక్కడంలో చివరివాడు. ఆటల గంటలో పడిపోయేవాడు. వాని పిక్కలు చక్కగా, పహిల్వాను పిక్కలవలె ఉండేవి. వాటిని చూసే నేను, ఇంత ఒళ్ళు పెట్టుకొని లేవడానికి బద్ధకమా అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. పదిమంది ముందు మళ్ళీ కూర్చోబెట్టి, మళ్ళీ లేపించాను. వాడు ఏడవలేదు. చేతులు తొడల మీద ఆనించి లేచాడు. మరుసటి సంవత్సరం వాని తండ్రి బెంగుళూరులో చూపించుకొని వచ్చి నాకు విషయం చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోగానికి పూర్తిగా నయం చేసే మందు అప్పుడు లేదు. ఇప్పుడు క్షీణతను నిదానింపజేసే మందులు ఉన్నాయి. నా మాటల వలన ఆ రోగం పెరగలేదన్నది నిజమే. కాని వానికి నడక ఉన్న ఏండ్లు కొన్నే. అందులో ఒక సంవత్సరం నా తరగతిలో గడచింది.

నా బాల్యంలో ఎద్దు జబ్బ మీద చేయి పెట్టి చూసినదానను నేనే. ఆ చేతితోనే ఆ పిల్లవాని చెవి మెలిపెట్టాను. ఈ మాటను జూబిలీ సభలో చెప్పవచ్చునా అని చాలా ఆలోచించాను. సన్మాన పత్రాలలో రాసేవి మా ఉపాధ్యాయుల మంచి మాత్రమే గనుక ఇది కూడ ఎక్కడో నమోదు కావాలనిపించింది.

ఈ జూన్ నుండి మన పాఠశాలలో ఒక చిన్న పద్ధతి పెట్టాము. సంవత్సరారంభంలో మొదటి వారమంతా ప్రార్థన వేళ ఇద్దరు ఉపాధ్యాయులు పాడరు. పిల్లలు కూర్చోవడం, లేవడం, నడవడం మాత్రం చూస్తూ ఉంటారు. ఎవరయినా చేయి ఆనించి లేస్తున్నా, ఒక కాలు ఈడ్చినా, మునివేళ్ళ మీద నడచినా, పుస్తకాల సంచి ఎప్పుడూ ఒకే భుజాన తగిలించుకొన్నా వ్రాసి పెడతారు. వ్యాయామ ఉపాధ్యాయుడు మరొకసారి చూస్తారు. అనుమానం మిగిలితే తల్లిదండ్రులను పిలుస్తాము. ఇంతవరకు అయిదుగురిని పిలిచాము. నలుగురికి ఏమీ లేదు. చెప్పులు పొట్టివి, నిద్ర చాలనిది, అటువంటివి. ఒక పాపకు తుంటి కీలులో దోషం బయటపడినది. వైద్యం జరుగుతున్నది. మేము వైద్యులము కాము, రోగం పేరు మేము చెప్పము. పిలిచినప్పుడు దయచేసి కోపగించకుండా రండి. అట్లాగే ఇంటిలో మీరు గమనించినది మాకు చెప్పండి. తల్లి చూసేటంత దగ్గరగా మేము చూడలేము, తల్లి అలవాటుపడి చూడలేనిది ఒక్కొక్కసారి మాకు కనబడుతుంది.

నాకిచ్చిన సమయం మీరిందని కార్యదర్శిగారు గడియారం చూపుతున్నారు. టీ తరువాత బయట కానుగ చెట్టు క్రింద డాక్టరుగారు కండరాల పరీక్షను మీకందరికీ చేసి చూపుతామన్నారు. కరియను కూడ పిలిపించాము. టీకా వేయించిన కార్డు కాపలాదారు జేబులో ఉన్నది, అడిగినవారికి చూపుతాడు. పిల్లలూ, దాని వెనుక నుండి ఎవరూ రావద్దు. ఎదురుగా, దానికి కనబడేటట్టు రండి. ఎడమ ప్రక్క నడుమును డాక్టరుగారు ముట్టమన్నప్పుడే ముట్టండి, అది కూడ రెండు చేతులతో.